కౌన్సిల్ డైరెక్ట్ డెబిట్ సేవ: 14 డాలర్లు తగ్గితే 25 డాలర్ల ఫీజు

మెల్‌బోర్న్ శివారులో ఇల్లు కొన్నప్పటి నుంచి, అంటే ఆరేళ్లుగా, మా కౌన్సిల్‌కు (స్థానిక పాలక సంస్థకు) కట్టవలసిన రేట్స్‌ను (ఇంటిపన్నును) డైరెక్ట్ డెబిట్ ద్వారానే, మా ఖాతా నుంచి కౌన్సిలే డబ్బు తీసుకునే పద్ధతిలో, చెల్లిస్తూ వచ్చాను. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఈ పన్నును నాలుగు వాయిదాలుగా కట్టుకోవచ్చు. సెప్టెంబరు 30, నవంబరు 30, ఫిబ్రవరి 28, మే 31 వాటి గడువులు. ఒకసారి ఫారం నింపి ఇస్తే ఈ తేదీలు గుర్తుపెట్టుకునే పని ఉండదని కౌన్సిల్ చెబుతుంది. ఆ మాట చాలా కాలం నిలిచింది కూడా. 2025 ఫిబ్రవరి వాయిదా దగ్గర చిక్కు వచ్చింది.

తప్పు మొదట నాదే. జీతంలో మిగిలినదంతా ఇంటి లోను తాలూకు ఆఫ్‌సెట్ ఖాతాలో (అందులో ఉన్నంత మేరకు లోనుపై వడ్డీ పడదు) ఉంచడం మా అలవాటు. కౌన్సిల్‌కు ఇచ్చింది మాత్రం పాత ఖాతా కనుక, గడువుకు ముందు అందులోకి డబ్బు మళ్లించాలి. ఆ నెలా మళ్లించాను గాని, నేను ఎప్పుడో మరచిపోయిన ఒక చందా (సబ్‌స్క్రిప్షన్) ముందురోజే 14 డాలర్లు పట్టుకుపోయింది. 480 డాలర్ల వాయిదాకు ఖాతాలో 466 మాత్రమే మిగిలాయి.

ఈ సంగతి నాకు మార్చి 12న తపాలాలో ఉత్తరం వచ్చేదాకా తెలియదు. అప్పుడు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో నా ఖాతా తెరిచి చూస్తే, ఫిబ్రవరి 28 ఎదురుగా 480 డాలర్లు ‘పెయిడ్’ అని ఆకుపచ్చ అక్షరాలలో ఉంది. దాని కింది వరుసలో అదే 480 మైనస్ గుర్తుతో ఉంది. ఆ కిందనే డిజానర్ ఫీజు (ఖాతాలో డబ్బు చాలక చెల్లింపు తిరిగి వచ్చినందుకు వేసే రుసుము), 25 డాలర్లు. డైరెక్ట్ డెబిట్‌లో డబ్బు మనం పంపము, కౌన్సిల్ తన బ్యాంకు ద్వారా మన ఖాతా నుంచి లాగుకుంటుంది. మన బ్యాంకు కాదన్న కబురు తిరిగి వచ్చే వరకు కట్టినట్లే లెక్క వేస్తుంది. అందువల్లనే ఆ ఆకుపచ్చ అక్షరాలు. ఇందులో నాకు అభ్యంతరం లేదు. కబురు తిరిగి వచ్చిన రోజున ఒక ఎస్సెమ్మెస్ అయినా పంపకపోవడమే అభ్యంతరం. చెత్త బండి రోజు మారితే మాత్రం అదే కౌన్సిల్ నుంచి నా ఫోనుకు సందేశం వస్తుంది.

ఇక ఫీజు సంగతి. గడువు దాటిన రేట్స్‌పై విక్టోరియా కౌన్సిళ్లు వడ్డీ వేయవచ్చు. దానికి గరిష్ఠ పరిమితిగా ఉంటూ వచ్చిన పెనాల్టీ వడ్డీ రేటు ఏడాదికి 10 శాతం. 480 డాలర్లపై అది రోజుకు 13 సెంట్లు, 12 రోజులకు సుమారు డాలరున్నర. అంటే డైరెక్ట్ డెబిట్ జోలికే పోకుండా, బిల్లు బల్ల మీద పడేసి, రెండు వారాలు ఆలస్యంగా కట్టిన మనిషికి డాలరున్నర ఖర్చు. గడువు నాటికే కట్టాలని ముందుగా సంతకం చేసి, 14 డాలర్ల దగ్గర తప్పిన మనిషికి 25. ఈ లెక్క వేసుకున్న తరువాత ఈ సేవ మీద నాకున్న గౌరవం బాగా తగ్గింది.

ఫోనులో అడిగితే, తమ బ్యాంకు తమ దగ్గర వసూలు చేసే రుసుము, ఉత్తరం ఖర్చు, సిబ్బంది సమయం కలిపి ఆ మొత్తం నిర్ణయించామన్నారు. నిజంగా అయిన ఖర్చును రాబట్టుకోవడం న్యాయమే. ఆ భారం మిగతా పన్ను చెల్లింపుదారుల మీద పడకూడదు. అయితే 25లో బ్యాంకుకు పోయేది ఎంత అన్న ప్రశ్నకు జవాబు రాలేదు. రేట్స్ పెంపునకు రాష్ట్ర ప్రభుత్వం ఏటా పరిమితి పెడుతుంది, 2024-25కు అది 2.75 శాతం. ఇటువంటి ఫీజులు ఆ పరిమితిలోకి రావు. జూన్ లోపు ఆమోదించే బడ్జెట్‌కు జోడించిన ఫీజుల పట్టికలో ఇది ఒక చిన్న వరుస, అంతే. చేతిలో డబ్బు ఆడక వరుసగా రెండు వాయిదాలు తప్పిన కుటుంబానికి మాత్రం అది మూలిగే నక్క మీద తాటిపండు. వారి బ్యాంకు కూడా వేరే రుసుము వేస్తే చెప్పనక్కరలేదు. కౌన్సిల్ జవాబు తృప్తినివ్వకపోతే విక్టోరియా ఆంబుడ్స్‌మన్‌కు (ప్రభుత్వ సంస్థలపై ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు; ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నవారితో కౌన్సిళ్లు వ్యవహరించే తీరుపై ఆ కార్యాలయం 2021లో విచారణ నివేదిక కూడా ఇచ్చింది.

మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది. ఫోనెత్తిన ఉద్యోగిని ఎంతో మర్యాదగా మాట్లాడింది. అంతకు ముందు ఆరేళ్లలో ఒక్క వాయిదా కూడా తప్పలేదని చూసి, రెండు రోజులలో ఫీజు రద్దు చేయించింది. కాని అలా అడగవచ్చని ఉత్తరంలో ఎక్కడా లేదు. అడిగినవారికి మాఫీ, అడగనివారికి 25 డాలర్లు.

సిబ్బందికి ఐదుకు నాలుగు ఇస్తాను, సేవకు రెండు. ఆన్‌లైన్‌లో కట్టగలిగినవారు బీపే (మన బ్యాంకు ఆన్‌లైన్ ఖాతా నుంచి బిల్లులు కట్టే పద్ధతి) వాడుకోవడం మేలు. అందులో డబ్బు మనమే పంపుతాము కనుక, ఖాతాలో చాలకపోతే చెల్లింపు అక్కడే ఆగిపోతుంది. కౌన్సిల్ దాకా వెళ్లి తిరిగి వచ్చేది ఏమీ ఉండదు. చెక్కులు ఎలాగూ వెళ్లిపోతున్నాయి, ఆస్ట్రేలియాలో 2028 జూన్ 30 తరువాత కొత్తవి రాయడం ఉండదు. మే వాయిదాను నేను రెండు రోజుల ముందే బీపేలో పంపేశాను. డైరెక్ట్ డెబిట్ రద్దు ఫారంలో కారణం రాయడానికి ఒక గడి ఉంది. అందులో ‘14 డాలర్లు’ అని రాశాను.