ఫొటో కొట్టేస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? జయనగర్ లాయరు ఆఫీసు

నేను బెంగళూరులో ఫొటోగ్రాఫర్‌ని. కె.ఆర్. మార్కెట్‌లో నేను తీసిన చామంతి బుట్టల ఫొటోని ఓ చిన్న ఆన్‌లైన్ పూజాసామాన్ల దుకాణం వాడేసుకుంది. మూలన ఉన్న నా పేరు కత్తిరించి మరీ! కడుపు మండిపోయింది.

జయనగర్‌లోని ఈ ఆఫీసులో లాయరు మేడమ్ చక్కగా తెలుగులో మాట్లాడతారు. ముందు కెమెరా రా ఫైలు (కెమెరాలో నేరుగా పడే అసలు ఫైలు), పేజీ లింకు, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ అడిగారు. ఫొటోకి కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేదే అని టెన్షన్ పడ్డాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది తప్పనిసరి కాదట.

దుకాణానికి మర్యాదగా నోటీసు, పేజీని హోస్ట్ చేసే కంపెనీకి ఫిర్యాదు పంపారు. ఫిర్యాదు సరైనదే అనిపిస్తే కంపెనీ 36 గంటల్లో ఫొటో కనపడకుండా ఆపాలి. 21 రోజుల్లోపు మనం కోర్టు ఆర్డరు తేకపోతే మళ్ళీ పెట్టేయొచ్చు. ఈ సంగతి దాచకుండా ముందే చెప్పడం నాకు బాగా నచ్చింది.

దుకాణం ఫొటో తీసేసి డబ్బు కట్టింది. భారీగా అడుగుదామంటే మేడమ్ ఒప్పుకోలేదు, నా మామూలు రేటుకే బిల్లు వేయించారు. అదే న్యాయం కూడా.

ఫీజు మాత్రం ఒక్క ఫొటోకి గిట్టుబాటు కాదు. రెండు మూడు కేసులుంటే కలిపి తీసుకెళ్ళండి. శనివారం రద్దీ ఎక్కువ, ఫోన్ చేసి వెళ్ళండి.