పర్లాకిమిడి డిష్ మెకానిక్: వైరు చూడనిదే సామాను అమ్మడు

ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. ఒకటి ఎందుకు కోశానో చివర్లో రాస్తాను. ఇంటి దగ్గర పిల్లలకు లెక్కలు చెప్పుకునేదాన్ని, మార్కుల విషయంలో నాకు మొహమాటం లేదు.

కొట్టు పర్లాకిమిడి బస్టాండు వెనక సందులో ఉంది. బోర్డు లేదు. తుప్పు పట్టిన పాత డిష్ ఒకటి గోడకు ఆనించి, దాని మీద తెల్లరంగుతో ఫోను నంబరు రాసిపెట్టారు. అదే గుర్తు. యజమాని, పనివాడు, గుమస్తా అంతా ఒక్కడే. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నాతో తెలుగులో, పక్కింటి వాళ్ళతో ఒడియాలో, ఫోనులో ఎవరితోనో సవర భాషలో మాట్లాడాడు. గజపతి జిల్లాలో ఇది పెద్ద వింతేమీ కాదనుకోండి.

మా డాబా మీద ఉన్నది దూరదర్శన్ వారి ఉచిత డిష్. 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో మొదలై, తరవాత డీడీ ఫ్రీ డిష్ అయింది. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే నెలనెలా కట్టేదేమీ లేదు. మా అత్తగారికి సప్తగిరి చానల్ వస్తే చాలు, మావారికి ఒడియా వార్తలు వస్తే చాలు. చందా కట్టే కనెక్షన్ పెట్టించుకోమని చుట్టాలు చెబుతూనే ఉంటారు. చూసేది రెండు చానళ్ళయితే మూడు వందల చానళ్ళకు డబ్బు ఎందుకు కట్టాలో ఇంతవరకు ఎవరూ నాకు సరిగా చెప్పలేకపోయారు.

చలికాలం మొదలయ్యాక వచ్చింది చిక్కు. తెల్లవారి టీవీ పెడితే తెర మీద 'సిగ్నల్ లేదు' అని వచ్చేది. పది దాటి డాబా మీద ఎండ పడ్డాక దానంతట అదే బొమ్మ వచ్చేది. సాయంత్రం ఏ లోటూ ఉండదు. మళ్ళీ మర్నాడు పొద్దున అదే వరస. అత్తగారికి టీవీ కావలసింది పొద్దున్నే. పాటలు వినకుండా ఆవిడ కాఫీ కూడా సరిగా తాగరు.

ముందు ఇంకో కొట్టు నుంచి ఒకాయన వచ్చాడు. మధ్యాహ్నం పన్నెండింటికి, టీవీ చక్కగా ఆడుతున్నప్పుడు. డాబా ఎక్కి చుట్టూ చూసి, పక్కింటి కొబ్బరిచెట్టు వైపు వేలు చూపించాడు. "అదే అడ్డం. దాన్ని కొట్టించండి, లేదా డిష్ జాగా మార్చాలి. ఎలాగూ ఎల్‌ఎన్‌బీ పాతబడింది, అదీ మార్చేద్దాం" అని రెండున్నర వేలు చెప్పాడు. ఎల్‌ఎన్‌బీ అంటే డిష్ ఎదురుగా కడ్డీ చివర ఉండి సిగ్నల్ పట్టే చిన్న డబ్బా. చెట్టు మాది కాదు. పక్కింటి ఒడియా ఆవిడను మేం మావుసి అంటాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా మీదుగా పోయినప్పుడు మా వీధిలో ఎన్నో చెట్లు కూలాయి, ఆ చెట్టు మాత్రం నిలబడింది. టీవీ కోసం దాన్ని కొట్టించమని మావుసిని అడిగే నోరు నాకు లేదు. పైగా చెట్టే అడ్డమైతే సాయంత్రం ఎక్కడికి పోతోంది? ఆ మాట అడిగితే ఆయన గాలి, ఆకులు అంటూ ఏదో చెప్పాడు. పంపించేశాను.

రెండోవాడే నేను మార్కులు వేస్తున్న మెకానిక్. ఫోను చేస్తే వస్తాననలేదు, ముందు ప్రశ్నలు వేశాడు. "ఏ వేళ పోతోంది టీచరమ్మా? వానలోనా, ఎండలోనా, పొద్దుటి పూటా? అన్ని చానళ్ళూ పోతున్నాయా, కొన్నేనా? బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరవండి. స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి. బొమ్మ పోయినప్పుడు అవి ఎంతెంత ఉంటున్నాయో రాసిపెట్టండి."

రాసిపెట్టాను. పోయినప్పుడు రెండూ సున్నా. సాయంత్రం రెండూ బాగానే ఉన్నాయి. మొదటిది ఉండి రెండోది లేకపోతే డిష్ పక్కకు తిరిగిందని అనుమానించాలట. రెండూ లేకపోతే వైరో, ఎల్‌ఎన్‌బీయో. ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడ డిష్ ఒక్క డిగ్రీ జరిగితే అక్కడ ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. అంత జరిగిన డిష్ రోజూ సాయంత్రానికి తనంతట తాను వెనక్కి రాదు కదా. ఇంత ఆలోచన అతను ఫోనులోనే చేసేశాడు.

మధ్యాహ్నం రమ్మంటే రానన్నాడు. "జ్వరం ఉన్నప్పుడే కదమ్మా చెయ్యి పట్టుకు చూడాలి" అని మర్నాడు మంచు విడవకముందే వచ్చాడు. డాబా మీద అరచేతిలో పట్టే చిన్న తెర మీటరు తీసి, తన సంచిలోని మూరెడు వైరుతో దాన్ని నేరుగా డిష్‌కు కలిపాడు. మా వైరును పక్కన పెట్టేశాడు. మీటరులో గీత వెంటనే లేచింది. కింద గదిలో బాక్సు ఇంకా సున్నాయే చూపిస్తోంది. అంటే డిష్ సరిగా ఉంది, ఎల్‌ఎన్‌బీ సరిగా ఉంది, బొమ్మ దారిలో పోతోంది. ఐదు నిమిషాల పని. ముందు వచ్చినాయన అమ్మబోయిన సామాను ఏదీ మాకు అక్కర్లేదని అక్కడే తేలిపోయింది. కొత్త ఎల్‌ఎన్‌బీ అంటగట్టాలనుకుంటే ఇతనికి అంతకంటే మంచి అదను దొరకదు. కొట్టులో అవి డజన్లు ఉన్నాయి, నేను చూశాను.

తరవాత పిట్టగోడ దగ్గర వైరుకు వేసిన అతుకు విప్పాడు. తిత్లీ తరవాత డిష్‌ను మళ్ళీ నిలబెట్టినప్పుడు వైరు చాలక వేయించిన అతుకు అది. పైన చుట్టిన నల్లటేపు ఎండకు బిరుసెక్కి అంచు లేచిపోయింది. లోపల ఉండాల్సిన వెండి రంగు జల్లెడ అల్లిక తెల్లటి పొడిగా రాలింది. నడిమి రాగితీగ పచ్చగా, దాని చుట్టూ జిగురులాంటి తడి. అడుగు పొడవు కోసి చూశాడు, లోపల నలుపే. ఇంకో రెండడుగులు కోశాడు, అదీ నలుపే. నీరు ఒకసారి లోపలికి పోతే అల్లిక వెంబడి అలా పాకుతూ పోతుందట. అందుకే అతుకు మాత్రం మార్చి వదలకుండా వైరంతా కొత్తది వేస్తానన్నాడు. ముక్క చేతిలో పట్టుకు చూశాను గనుక కాదనలేకపోయాను.

పొద్దున పోయి పదింటికి రావడానికి కారణం కూడా అదే. ఆ వైరులో కిందికి సిగ్నల్ వస్తుందని మాత్రమే మనకు తెలుసు. అదే వైరులో బాక్సు నుంచి పైకి 13 వోల్టులో, 18 వోల్టులో కరెంటు పోతుంది, ఎల్‌ఎన్‌బీ పనిచేసేది దానితోనే. అతుకులో మంచు తడి చేరితే ఆ కరెంటు అక్కడే ఆగిపోతుంది. ఎండకు ఆరగానే మళ్ళీ సాగుతుంది.

ఇక కొబ్బరిచెట్టు. ఈ ఉపగ్రహం జీశాట్-15, 2015 నవంబరులో ఎగిరింది, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలబడి ఉంటుంది. మన ఊరి నుంచి చూస్తే దక్షిణానికి కాస్త తూర్పుగా, ఆకాశంలో సుమారు 65 డిగ్రీల ఎత్తున. "డిష్ మొహం చూసి అది చెట్టువైపు చూస్తోందనుకుంటారమ్మా, నిజానికి అది ఇంకా పైకి చూస్తోంది" అన్నాడు. అతను వెళ్ళాక నేను కాగితం తీశాను. 65 డిగ్రీల టాంజెంట్ రెండుకు కాస్త పైన. చెట్టు మా డిష్‌కు పదిహేను అడుగుల దూరంలో ఉంది. అడ్డం రావాలంటే డిష్ కంటే ముప్పై రెండు అడుగులు పైకి లేవాలి. లేచింది పన్నెండో, పదమూడో. పదో తరగతి పిల్లలకు దీపస్తంభాలు, పడవల లెక్కలు ఇచ్చి విసిగించే బదులు ఇకమీదట ఈ లెక్కే ఇస్తాను.

చెట్టు మీద నింద పాత అలవాటని నాకు అనిపిస్తుంది. ఒకప్పుడు ఇళ్ళ మీద ఉండే అల్యూమినియం కడ్డీల ఏంటెన్నా నేలకు సమాంతరంగా, దూరాన ఉన్న ప్రసార కేంద్రం వైపు చూసేది. దానికి చెట్టూ అడ్డమే, కొండా అడ్డమే. మన జిల్లాలో మహేంద్రగిరి ఒక్కటే 1,501 మీటర్లు. ఆ ప్రసారాలు దేశంలో చాలాచోట్ల ఆగిపోయాయి, చెట్టు మీద అనుమానం మాత్రం మిగిలింది. మా ఇంట్లో ఆ ఏంటెన్నా గొట్టానికే ఇప్పుడు డిష్ బిగించి ఉంది. అది ఊగుతుందేమోనని అతను పట్టుకుని గట్టిగా ఊపి చూసి, రెండు బోల్టులు బిగించాడు.

కొత్త వైరు పద్దెనిమిది మీటర్లు, మీటరు పాతిక చొప్పున 450. రెండు చివర్ల పిన్నులకు 40. కూలి 250. మొత్తం 740 రూపాయలు. మధ్యలో అతుకు లేదు. పిన్నుల మీద రబ్బరు తొడుగులు వేశాడు. గోడలోకి దూరే చోట వైరును కిందికి వంపుగా వదిలాడు, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోయేలా. జోరు వానలో కాసేపు బొమ్మ పోతే ఫోను చెయ్యవద్దని, మార్చిలో, అక్టోబరులో కొన్నాళ్ళు పదకొండు గంటల ప్రాంతంలో కొద్ది నిమిషాలు పోయినా చెయ్యవద్దని చెప్పాడు. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడట. రాకుండా ఉండటానికి ఇన్ని కారణాలు చెప్పే మెకానిక్‌ను నేనింకెక్కడా చూడలేదు.

ఇక కోసిన మార్కు. బిల్లు అడిగితే సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. కోసిన వైరు ముక్కలు, సూదుల్లాంటి అల్లిక పోగులు డాబా మీదే వదిలేసి పోయాడు. వడియాలు ఎండబెట్టడానికి పైకి వెళ్ళిన అత్తగారి కాలికి ఒకటి గుచ్చుకుంది. గోడకు మేకులు దూరదూరంగా కొట్టాడు, రాత్రి గాలి వేస్తే వైరు టకటకమని కొట్టుకుంటుంది. వచ్చి సరిచేస్తానన్నాడు, ఇంకా రాలేదు.

పిలవదలచుకుంటే పొద్దున పదిలోపు ఫోను చెయ్యండి, మధ్యాహ్నం ఎత్తడు. మెనూలోని ఆ రెండు అంకెలు ముందే రాసి దగ్గర పెట్టుకోండి. అవి చెప్పనిదే సంచి భుజాన వేసుకోడు.