జానీ క్యాష్ మొదటి ఎల్పీ: తీగల మధ్య దోపిన కాగితం కోసం

అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ ఆల్బం 'విత్ హిజ్ హాట్ అండ్ బ్లూ గిటార్'ని 1957లో సన్ రికార్డ్స్ అనే కంపెనీ వేసిందనీ, ఆ కంపెనీ తెచ్చిన మొట్టమొదటి ఎల్పీ (రెండు వైపులా చాలా పాటలు పట్టే పెద్ద రికార్డు) అదేననీ ఎక్కడైనా దొరికే సమాచారమే. పాటల పట్టికా అంతే. వాటి జోలికి పోను. నేను ఇన్నేళ్ళుగా ఈ ఆల్బంని వదలకుండా పట్టుకుని ఉన్నది ఒక్క చప్పుడు కోసం.

ఇందులోని 'ఐ వాక్ ద లైన్' పాట పెట్టి హెడ్‌ఫోన్స్‌లో గిటార్ వెనకాల ఏముందో వినండి. ఎవరో స్నేర్ డ్రమ్ మీద బ్రష్‌తో చిక్కు చిక్కుమని తడుతున్నట్టు ఉంటుంది. అక్కడ డ్రమ్ లేదు, డ్రమ్మరూ లేడు. క్యాష్ తన గిటార్ తీగల సందున ఒక కాగితం మడిచి దోపి వాయించాడు. డాలర్ నోటే దోపాడని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఏదైతేనేం, తీగ మోగాల్సినంతసేపు మోగకుండా కాగితం నొక్కి పట్టేస్తుంది. మిగిలేది గరగరలాడే దెబ్బ మాత్రమే.

నేను దీన్ని పది రూపాయల నోటుతో చేసి చూశాను. నోటుని పొడుగ్గా మడిచి, ఒక తీగ పైనుంచి, తర్వాతి తీగ కిందనుంచి అల్లుకుంటూ పోవాలి. ఫ్రెట్లు (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) అయిపోయే చోట పెడితే బాగా కుదిరింది. కొత్త నోటైతే పెళపెళమంటూ చెవిలో గుచ్చుకుంటుంది. కూరల కొట్లో చేతులు మారి మెత్తబడిన నోటయితేనే ఆ చప్పుడు వస్తుంది. ఇంకో సంగతి, మెల్లగా వాయిస్తే ఏమీ ఉండదు, ఉత్త కాగితం రాపిడిలా ఉంటుంది. వేగం పెంచాకే అది తాళం అవుతుంది. క్యాష్ ఈ పాటని నెమ్మదిగా పాడాలనుకున్నాడు. నిర్మాత శామ్ ఫిలిప్స్ ఒక్కసారి వేగంగా పాడి చూడమని అడిగి, ఆ టేకునే విడుదల చేశాడు. క్యాష్ ఫ్లోరిడాలో ఉన్నప్పుడు రేడియోలో విని, ఇక ఆ రికార్డులు రేడియోలకి పంపొద్దని ఫిలిప్స్‌ని బతిమాలుకున్నాడట. నోటు దోపి వాయించాక నా ఓటు ఫిలిప్స్‌కే.

అసలు ఉన్నదే ముగ్గురు. క్యాష్ కాక ఎలక్ట్రిక్ గిటార్ వాయించే లూథర్ పెర్కిన్స్, బేస్ వాయించే మార్షల్ గ్రాంట్. ఆ ఇద్దరూ మెంఫిస్‌లో కార్లు బాగుచేసే మెకానిక్కులు. గ్రాంట్‌కి పెద్ద బేస్ (నిలబెట్టి వాయించే, మంద్ర స్వరాల తీగవాద్యం) కొత్త. ఏ స్వరం ఎక్కడుందో గుర్తుకోసం దాని మెడ మీద టేపు ముక్కలు అంటించుకున్నాడు. లూథర్ ఒక్కో తీగనే పట్టి, పొదుపుగా, తొందరపడకుండా వాయిస్తాడు. రాకపోవడం వల్ల పుట్టిన శైలి ఇది. వచ్చినవాళ్ళు ఇలా వాయించి ఉండేవాళ్ళు కాదు. దీని మీద ఫిలిప్స్ తన వంతు కలిపాడు. రెండు టేప్ మెషీన్లు పెట్టి, ఒకదాని శబ్దం రెండోదాని మీదుగా కాస్త ఆలస్యంగా తిరిగొచ్చేలా చేసి, మాట వెనకే ఇంకో పల్చటి మాట వినిపించేట్టు చేశాడు. ముగ్గురు మనుషులు గది నిండా ఉన్నట్టు అనిపించడానికి కారణం అదే.

ఇప్పుడు నా కడుపుమంట. ఎన్నాళ్ళో సీడీలో విన్నాక ఎల్పీ ఉండాలనిపించింది. మా బావ డాలస్ నుంచి వస్తూ పాత రికార్డుల కొట్లో ఒకటి కొని తెచ్చాడు. అట్ట బావుంది, రికార్డు మీద గీతలు లేవు. సూది దించగానే ఏదో తేడా కొట్టింది. బేస్ అంతా ఒక చెవిలోకి పోయింది, గరగర ఇంకో చెవిలోకి పోయింది, క్యాష్ గొంతు రెండింటి మధ్య ఎక్కడో తడబడుతోంది. అట్ట వెనక్కి తిప్పి చూస్తే చిన్నక్షరాలలో ఉంది, మోనో రికార్డింగ్‌ని (అంటే శబ్దమంతా ఒకే ధారగా ఉన్నదాన్ని) రెండు స్పీకర్లలో వేరువేరుగా వినిపించే స్టీరియోగా 'మెరుగుపరిచారు'. కింది స్వరాలు ఓ పక్కకీ, పై స్వరాలు ఇంకో పక్కకీ తోసి, మధ్యలో ఇంకాస్త ఆలస్యం కలిపితే స్టీరియో అయిపోయిందన్నమాట! ఫిలిప్స్ చేతితో కొలిచి పెట్టిన ప్రతిధ్వని మీద ఇంకో ప్రతిధ్వని ఎక్కించారు. నాకు కావలసిన కాగితం చప్పుడు గిటార్ నుంచి ఊడిపోయి, ఎక్కడో దూరంగా బియ్యం చెరుగుతున్నట్టు వినిపించింది. ఆంప్లిఫయర్ మీద మోనో బటన్ నొక్కితే ఇంకా అధ్వాన్నం, ఆ ఆలస్యం వల్ల రెండు పక్కలూ ఒకదాన్నొకటి తినేసి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టయింది. ఆఖరికి ఒక పక్క వైరు పీకేసి, ఉన్న పక్కనే రెండు స్పీకర్లకీ ఇచ్చి సరిపెట్టుకున్నాను. బావ ముందు మాత్రం అద్భుతంగా ఉందనే చెప్పాను. అంత దూరం నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చినవాడితో ఏమంటాం.

కొనేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే, అట్ట వెనక మోనో అని ఉందో లేదో చూసుకోండి. రికార్డు అచ్చు (ప్రెస్సింగ్) ఎంత పాతది, అట్ట చెక్కుచెదరలేదా అన్నవన్నీ తర్వాతి మాట.

కొత్తలో ఈ ఆల్బం గురించి కనపడ్డవాళ్ళందరికీ పన్నెండు పాటలూ ఒకే బిగువులో ఉంటాయని చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు, కానీ ఆ ఒకే బిగువే ఒక్కోసారి ఇబ్బంది. ఏకబిగిన వింటే రెండో వైపుకి వచ్చేసరికి ఏ పాట ఏదో కలిసిపోతుంది. ఇందులో కనీసం నాలుగు పాటలు అంతకుముందే సింగిల్స్‌గా, అంటే విడి చిన్న రికార్డులుగా వచ్చినవి, మిగతావి వాటి చుట్టూ పేర్చినవి. 'రాక్ ఐలండ్ లైన్' రైలు పాట కాబట్టి ఆ ఊపు సరిగ్గా అతుక్కుంటుంది. 'రిమెంబర్ మీ' దగ్గర మాత్రం నేను ఈమధ్య లేచి కాఫీ పెట్టుకుంటున్నాను. భక్తి పాట ఉన్నది ఒక్కటే. భక్తి పాటలు అమ్ముడుపోవని ఫిలిప్స్ భయం. క్యాష్ 1958లో కొలంబియా రికార్డ్ కంపెనీకి వెళ్ళిపోవడానికి అదీ ఒక కారణం.

'ఐ వాక్ ద లైన్' మీద మాత్రం మాట వెనక్కి తీసుకోను. చరణం మారినప్పుడల్లా శ్రుతి మారుతుంది. ప్రతి చరణానికి ముందు క్యాష్ సన్నగా మ్‌మ్ అని కొత్త శ్రుతి పట్టుకుంటాడు. ఆఖరి చరణం మొదటి చరణమే, కాకపోతే ఒక స్థాయి కింద, మంద్రంలో. శ్రుతి ఎటు పోయినా కాగితం మాత్రం తన పని తను చేసుకుపోతుంటుంది.

నేను గిటార్ అంతంత మాత్రం వచ్చినవాణ్ణి, పైగా అపార్ట్‌మెంట్ మనిషిని. డ్రమ్స్ కొంటే కింది ఫ్లాటువాళ్ళు ఊరుకోరు. అలాంటి నాకు ఇది నచ్చడంలో వింతేమీ లేదు. ఈ ఆల్బంలోనే ఉన్న 'ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్'ని క్యాష్ 1968 జైలు కచేరీలో, డ్రమ్స్‌తో, ఖైదీల కేకలతో విని వచ్చినవాళ్ళకి ఇక్కడి పాట చప్పగా అనిపించొచ్చు. మా ఇంట్లో ఆవిడకి అదే ఇష్టం, ఇది పెడితే తలుపు వేసుకోమంటుంది. మీకు ఏది పడుతుందో నేను చెప్పలేను. ముందు ఒక్క పాట మోనోలో విని చూడండి, ఎల్పీకి డబ్బులు పెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత.