ట్రైనింగ్ ఆఖరి గంటలో పెట్టే ఫీడ్‌బ్యాక్ ఆటలు: తొమ్మిదేళ్లు వాడి చూశాక

డ్వాక్రా సంఘాల లీడర్లకి, సంఘం లెక్కల పుస్తకాలు రాసేవాళ్లకి ట్రైనింగులు ఇస్తుంటా, తొమ్మిదేళ్లయింది. పంచసూత్రాలు (సంఘం పాటించాల్సిన ఐదు నియమాలు), అప్పుల లెక్కలు అవన్నీ ఎలాగో నడిచిపోతాయి, తంటా అంతా రెండో రోజు చివరి గంటతోనే. టీఏ షీట్, అదే దారి ఖర్చులిచ్చే కాగితం, బయటికి తీశామా, సంతకం పెట్టడం చెప్పులు వెతుక్కోవడం. నాలుగున్నర బస్సు పోతే మళ్లీ ఆరున్నరకే మరి, వాళ్లనేం అంటాం.

ప్రింటెడ్ ఫీడ్‌బ్యాక్ ఫారం సంగతి ముందు చెప్పేస్తా. దండగ. ఒకసారి కరెంటు పోయి ప్రొజెక్టర్ ఆన్ కానేలేదు, భోజనాలు మూడింటికి వచ్చాయి, ఆ రోజు కూడా నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది "చాలా బాగుంది" మీదే టిక్కు కొట్టారు. మిగిలిన ఆవిడ ఫారం ఇవ్వకుండానే వెళ్లిపోయింది, నా లెక్కలో నిజం చెప్పింది ఆవిడే. కిర్క్‌ప్యాట్రిక్ అనే ఆయన 1959లోనే ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో చూడమన్నాడు, నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, ఫలితం కనబడిందా అని. మన ఫారం ఆ మొదటి మెట్టు కూడా సరిగ్గా ఎక్కదు. ఫైల్లో పెట్టాలంటారు కాబట్టి నింపిస్తున్నా.

ఉన్ని ఉండ ఆట, అదే గుండ్రంగా నిలబడి ఒకళ్లు ఒక మాట చెప్పి దారం పట్టుకుని ఉండని ఇంకొకళ్లకి విసరడం, ఫొటోలో భలే ఉంటుంది. పదిహేను మంది వరకు ఓకే. ముప్పై ఎనిమిది మందితో పెట్టి ముప్పావుగంట నిలబెట్టా ఒకసారి, సగం నుంచి అందరూ "ఆ అక్క చెప్పిందే నాదీ" అనడమే, చివర్లో దారం చిక్కు తియ్యడానికి నేనూ అటెండరూ మిగిలాం.

ఇక నుంచి ఏం చేస్తారో పోస్టుకార్డు మీద తమకి తామే రాసుకోమని చెప్పి, రెండు నెలల తర్వాత నేను పోస్టు చేసేదాన్ని. అర్ధ రూపాయి ఖర్చు, ఐడియా నాకు చాలా ఇష్టం. కానీ కార్డు అంటే పోస్ట్‌మ్యాన్ నుంచి అత్తగారి దాకా అందరూ చదువుతారని నాకు తట్టలేదు! "ఇక నుంచి మీటింగులో భయపడకుండా మాట్లాడతా" అని రాసుకున్న ఒకమ్మాయిని ఇంట్లో నెల రోజులు ఏడిపించారట. అప్పట్నుంచి కవర్లో పెడుతున్నా.

నిజంగా పనికొచ్చింది మాత్రం చింతపిక్కలు. ఏ సబ్జెక్టుకి ఆ బొమ్మ అంటించిన డబ్బాలు వరసగా పెడతా, మూతకి చిన్న కన్నం, మనిషికి ఐదు పిక్కలు. అర్థం కాని దాంట్లో ఎన్ని కావాలంటే అన్ని వెయ్యొచ్చు. మొదట్లో మూతల్లేని గిన్నెలు పెట్టా, ముందావిడ ఎందులో వేస్తే వెనకాల అందరూ అందులోనే, అందుకే మూతలు. చదువు రానివాళ్లు కూడా ఎవర్నీ అడక్కుండా వేసేస్తారు, పది నిమిషాల పని. రాయగలిగినవాళ్లకి అదనంగా ఒక చీటీ ఇస్తా, పేరు రాయక్కర్లేదు, ప్రశ్న ఒక్కటే: ఇంకా ఏది తేలలేదు? ఒక చీటీ దాచుకున్నా కూడా, "అసలు, వడ్డీ విడగొట్టేది మేం ఎక్కించుకునేలోపే బోర్డు తుడిచేశారు మేడం". ఏ ఫారమూ ఈ మాట చెప్పలేదు నాకు.

ఇంకోటి, ఇవి ఆఖర్న పెట్టి లాభం లేదు. తెలిసినా సరిదిద్దే టైమేదీ? ఇప్పుడు రెండో రోజు భోజనాలకి ముందే డబ్బాలు పెట్టేస్తున్నా, వాళ్లు తినొచ్చేలోపు పిక్కలు లెక్కపెట్టి, బరువున్న డబ్బా సబ్జెక్టే మధ్యాహ్నం మళ్లీ చెప్తా. పోయిన నెల బ్యాచ్‌లో అప్పుల లెడ్జర్ డబ్బాలో డెబ్బై మూడు పిక్కలు వచ్చాయి. అది నేను బాగా చెప్తానని అనుకునే సబ్జెక్టు.