పదమూడేళ్లు నడిపిన 1966 కార్వెట్ కన్వర్టిబుల్

ఒహాయోలోని మా గ్యారేజీకి 1966 నాటి షెవ్రొలె కార్వెట్ స్టింగ్ రే కన్వర్టిబుల్, అంటే టాపు మడిచేయగల కారు, వచ్చి పదమూడేళ్లయింది. ఇన్నేళ్లలో దానిని ఇరవై రెండు వేల మైళ్లు నడిపాను, ఒకసారి బాడీని పూర్తిగా ఛాసిస్ మీదినుంచి ఎత్తించాను, బ్రేకులను రెండుసార్లు విప్పి బాగుచేయించాను. ఇలాంటి బండి కొనాలనుకునే మిత్రులు ముందుగా రంగు గురించి, ఇంజిను గురించి, ధర గురించి అడుగుతారు. నన్నడిగితే ఈ కారు స్థితిని తేల్చేవి రెండే: ఫైబర్‌గ్లాస్ బాడీ కింద దాగిన ఉక్కు, పాత యజమాని దానిని ఎంత తరచుగా నడిపాడన్న సంగతి.

1963లో మొదలై 1967తో ముగిసిన రెండో తరం కార్వెట్లలో ఇది నాలుగో ఏటి మోడల్. బిల్ మిచెల్ నాయకత్వంలో లారీ షినోడా రూపం గీశారు, జోరా ఆర్కస్-డంటోవ్ యంత్రభాగాన్ని తీర్చిదిద్దారు. సెయింట్ లూయిస్ కర్మాగారంలో ఆ ఏడాది మోడల్ కింద 27,720 కార్లు తయారైతే వాటిలో 17,762 కన్వర్టిబుళ్లే. కొత్తలో దీని మూల ధర 4,084 డాలర్లు, అంటే కదలని పైకప్పు ఉన్న కూపే కంటే 211 డాలర్లు తక్కువ. నా బండి నాసో బ్లూ (Nassau Blue) అనే నీలి రంగుది. 327 క్యూబిక్ అంగుళాల, 300 హార్స్‌పవర్ ఇంజిను, నాలుగు గేర్ల మన్సీ గేర్‌బాక్సు ఉన్నాయి. పవర్ స్టీరింగు లేదు, పవర్ బ్రేకులు లేవు, ఏసీ కూడా లేదు.

కొన్న రోజున అది అద్దంలా మెరిసింది. అమ్మిన వ్యాపారి ఛాసిస్ బాగుచేయించామని చెప్పాడు, నేను నమ్మాను. రెండేళ్ల తర్వాత బండిని లిఫ్టు మీద పెట్టించినప్పుడు, వెనుక కుడి చక్రానికి ముందు, ఛాసిస్ పైకి వంపు తిరిగే చోట, మెకానిక్ స్క్రూడ్రైవరు కొనతో మెల్లగా పొడిచాడు. దట్టంగా పూసిన నల్లటి తారు పెచ్చులుగా ఊడింది, దాని వెనుక ఇనుము బిస్కెట్టులా పొడిపొడిగా రాలింది, స్క్రూడ్రైవరు పిడి వరకు లోపలికి దిగిపోయింది. పైన పటారం లోన లొటారం అన్న మన మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఫైబర్‌గ్లాస్ బాడీకి తుప్పు పట్టదు కనుక ఈ కారుకు తుప్పు బెడద లేదని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి ఆ బాడీని మోసేది ఉక్కు ఛాసిస్. విండ్‌షీల్డు చుట్టూ, తలుపు స్తంభాల లోపల ఉన్నదీ ఉక్కు చట్రమే. ఆ చట్రం విండ్‌షీల్డు కింది మూలల్లో నీరు నిలిచి కుళ్లుతుంది. రంగు వేసి దాచలేని భాగం అదొక్కటే, చేతులు నల్లబడినా సరే అక్కడ తడిమి చూడాలి.

బాడీ ఎత్తించి, కుళ్లిన భాగాన్ని కోయించి, కొత్త ఉక్కు వెల్డింగు చేయించడానికి నేను కారు కొన్న ధరలో దాదాపు మూడో వంతు ఖర్చయింది. ఆ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య కర్మాగారంలో పెట్టిన పల్చటి లోహపు బిళ్లలు ఉంటాయి. బాడీని బిగించే ఏ మౌంటు దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకుని, తిరిగి అక్కడే అన్నే పెట్టాలి. ఒక బిళ్ల అటూ ఇటూ అయితే తలుపు సందు మారుతుంది, కొంతకాలానికి ఫైబర్‌గ్లాస్ మీద సాలెగూడు లాంటి పగుళ్లు వస్తాయి.

రంగు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎండలో నిలబెట్టి పక్కనుంచి చూస్తే ముందు ఫెండర్ల పైన సన్నని గీత లీలగా కనిపిస్తుంది. ఫైబర్‌గ్లాస్ పలకలను అతికించిన చోటు అది. దానిని లోపమనుకుని తుడిచేయించేవాళ్లున్నారు. నేను మాత్రం ఆ గీత కనిపించే బండినే ఎక్కువ నమ్ముతాను.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యమైనది. 1965 నుంచి కార్వెట్లకు నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు వచ్చాయి. డిస్కును నొక్కిపట్టే ఒక్కో కాలిపర్‌లో నాలుగు చొప్పున మొత్తం పదహారు పిస్టన్లు. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమకు పోత ఇనుప కాలిపర్ లోపలి గోడలు గుంటలు పడతాయి, ఆ గుంటల మీద రబ్బరు సీలు ఆనదు. నా బండి లాంటి మామూలు బ్రేకుల 1966 కారులో, పెడలు నొక్కితే ఆయిలును చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌కు ఒకే గది ఉంటుంది, రెండు గదులది 1967లో వచ్చింది. కాబట్టి ఒక్క చక్రం దగ్గర కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. ఒక అక్టోబరు సాయంత్రం, మొక్కజొన్న చేల మధ్య స్టాప్ గుర్తు దగ్గరకు వస్తుండగా పెడలు నా కాలి కింద నేలదాకా దిగిపోయింది. గేర్లు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, కూడలి దాటిన తర్వాత ఆపగలిగాను. ఆ తర్వాత పిస్టన్లు కదిలే పదహారు రంధ్రాలకూ స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగులు వేయించి, రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించాను. అసలు భాగాలే ఉండాలని పట్టుబట్టేవారు దీనికి మార్కులు తగ్గిస్తారు. కుటుంబాన్ని ఎక్కించుకునే బండి విషయంలో నాకు ఆ మార్కులు అక్కర్లేదు.

ఇంతా చేసి దీనిని ఎందుకు ఉంచుకున్నానంటే, సీట్లో కూర్చున్నవాళ్లకే అర్థమవుతుంది. ముందు రెండు ఫెండర్లు రెండు అలల్లా లేచి, వాటి మధ్య బానెట్ లోయలా కనిపిస్తుంది. మలుపులో చక్రం ఎక్కడుందో ఆ అల శిఖరమే చెబుతుంది. వెనుక చక్రాలకు వేర్వేరుగా కదిలే సస్పెన్షన్ ఉన్నా దానికి ఆధారం మన లారీల కింద చూసే కమాను కట్ట లాంటిదే, కాకపోతే ఇక్కడ అది అడ్డంగా ఉంటుంది. యాభై అరవై మైళ్ల వేగంతో వంకరదారుల్లో అది రోడ్డును పట్టుకునే తీరు ఈనాటికీ నాకు ఆనందమే. డెబ్బై ఐదు దాటితే మాత్రం ముందు భాగం తేలికైనట్టు స్టీరింగులో తెలుస్తుంది, అక్కడ నేను కాలు తీసేస్తాను.

టాపు తీయడం పూర్తిగా చేతిపని. విండ్‌షీల్డు పైనున్న కొక్కేలు విప్పాలి, వెనుక కమ్మీని నిలువుగా ఎత్తాలి, సీట్ల వెనుకనున్న ఫైబర్‌గ్లాస్ మూత తెరిచి గుడ్డను మడతలుగా లోపలికి దించాలి. వెనుక ప్లాస్టిక్ అద్దం మడతలో గీతలు పడకుండా నేను ఎప్పుడూ ఒక మెత్తని తువ్వాలు మధ్యలో పెడతాను. రెండు నిమిషాలు పడుతుంది, మూత మూసేసరికి టాపు ఉన్న జాడే ఉండదు. గుడివాడ నుంచి మా అమ్మ వచ్చినప్పుడు, చీర కొంగు తలకు చుట్టుకుని గంటసేపు మాట్లాడకుండా చెట్లను చూస్తూ కూర్చుంది. దిగాక "రేపు కూడా వెళ్దామా" అని అడిగింది.

వానలో విండ్‌షీల్డు, పక్క అద్దం కలిసే మూల నుంచి బొట్టుబొట్టుగా నీరు సరిగ్గా నా ఎడమ మోకాలి మీద పడుతుంది. మూడు రకాల రబ్బరు మార్చినా పూర్తిగా ఆగలేదు. జూలైలో కాళ్ల దగ్గర వేడి ఎక్కువ. డిక్కీకి బయటి తలుపు లేదు, సామాను సీట్ల వెనుకనుంచే దూర్చాలి. గుండ్రంగా తిరుగుతూ బయటికొచ్చే హెడ్‌లైట్లలో కుడిది చలిలో మొరాయిస్తుంది, అప్పుడు బానెట్ కింద మోటారు మీదున్న గుండ్రటి పిడిని చేత్తో తిప్పుతాను. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు మెత్తబడ్డాయి, అన్నీ మార్చాను. మైలేజీ గాలనుకు పదమూడు మైళ్లు.

నవంబరులో రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలైన నాటి నుంచి ఏప్రిల్ వానలు ఆ ఉప్పును కడిగేదాకా బండి బయటికి రాదు. మిగతా నెలల్లో వారానికొకసారి, కనీసం అరగంట నడుపుతాను. నాకు ముందున్న యజమాని దీనిని ఏళ్ల తరబడి నిలబెట్టి ఉంచాడు. సీళ్లు ఎండడం, కార్బురేటర్‌లో జిగురు పట్టడం, సైలెన్సర్లు లోపలినుంచి తుప్పు పట్టడం అన్నీ ఆ నిలువ కాలపు దోషాలే. నడపడం మొదలుపెట్టాక కొత్తగా చెడినవి చాలా తక్కువ.

ప్రస్తుతం ఛాసిస్, బ్రేకులు, ఇంజిను గట్టిగా ఉన్నాయి. డ్రైవరు సీటు కుట్లు ఒకచోట విడిపోయాయి. వెనుక ఎడమ చక్రం పట్టుకుని ఊపితే కొద్దిగా వదులు తెలుస్తోంది. వెనుక చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టాలన్నా చక్రాన్ని మోసే ఆర్మ్ మొత్తం విప్పి ప్రెస్సు మీద ఊడదీయాల్సిందే కనుక, ఈ చలికాలంలో రెండు వైపులా ఒకేసారి చేయించడానికి మాట్లాడి పెట్టాను.