సూర్యాపేట దగ్గర బర్గర్ కోసం ఆగాలా?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో సుమారు 135 కిలోమీటర్లకు సూర్యాపేట. సగం దూరం అయ్యేది అక్కడే, ఆకలి వేసేదీ అక్కడే. ఆ చుట్టుపక్కల ఒక ఫుడ్‌కోర్టులో ఉన్న బర్గర్ కౌంటరు గురించి ఇది. పేరు అనవసరం. పార్కింగుకు, బాత్రూములకు వంక పెట్టలేం. చిక్కంతా తిండితోనే.

చికెన్ బర్గర్ రెండు నిమిషాల్లో చేతికొచ్చింది. అనుమానించాల్సింది అక్కడే. పచ్చి ప్యాటీ నూనెలో వేగి, లోపల 74 డిగ్రీలకు చేరాలంటే అంత తక్కువ సమయం చాలదు. ముందే వేయించి వేడి అలమరలో పెట్టారన్నమాట. అలా ఉంచితే మాంసంలోని తేమ ఆవిరై పైపొరకు పడుతుంది. పైన కరకర పోతుంది, లోపల పీచు మిగులుతుంది.

బన్ను సంగతి ఇంకా అన్యాయం. కోసిన వైపు వెన్న రాసి పెనం మీద అర నిమిషం కాల్చితే చాలు, సాసు లోపలికి ఇంకదు. ఇక్కడ మైక్రోవేవ్‌లో పెట్టారు. మొదటి ముద్ద దూది, అయిదో ముద్ద తోలు. దానికి తోడు తడి ఆరని టమాటా ముక్కను నేరుగా బన్ను మీద పెట్టారు, కింది సగం నానిపోయింది. మయొనైజ్ మాత్రం ధారాళం!

ఫ్రైస్ మెత్తబడటానికి కారణం నూనె. ఫ్రోజెన్ ముక్కలు ఫ్యాక్టరీలోనే ఒకసారి వేగి వస్తాయి. 180 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు వేయిస్తే సరి. బుట్ట నిండా కుక్కితే నూనె చల్లారి, ముక్కలు దాన్ని పీల్చేస్తాయి. మూత పెట్టిన డబ్బాలో ఇస్తే మిగిలిన కరకరా ఆవిరికి పోతుంది.

పిల్లలు బర్గరే కావాలని పట్టుబడితే, పది నిమిషాలు ఆగుతామని చెప్పి ప్యాటీ అప్పటికప్పుడు వేయించమనండి. సాసు విడిగా తీసుకోండి. ఫ్రైస్ ఉప్పు లేకుండా అడగండి, కొత్త వాయి వేయక తప్పదు. ఉప్పు బల్ల మీద ఉంటుంది.

బిల్లులో 5 శాతం జీఎస్టీ మామూలే. సర్వీస్ చార్జి అని కలిపితే తీసేయమనండి, అది కట్టడం మన ఇష్టం. ఆ మాట చెప్పిన 2022 నాటి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

పెద్దవాళ్లు మాత్రం పక్కనున్న దోసెల కౌంటరుకే నడవండి. అక్కడ పిండి మన ఎదుటే పెనం మీద పడుతుంది.