కోయంబత్తూరు బిల్లు, రాజమండ్రి ఇల్లు

రిటైరైన వాళ్ళ కోసం కట్టిన గేటెడ్ కమ్యూనిటీల్లో రెండ్రోజులు ఉండి చూడాలనుకునేవాళ్ళు బయల్దేరే ముందే ఒక మాట అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. చెప్పిన రేటు గదికా, మనిషికా? మాకు కోయంబత్తూరు కమ్యూనిటీ వాళ్ళు ఫోన్లో “రోజుకు 2,400 మేడం, భోజనాలతో సహా” అన్నారు. గదికే అనుకున్నాం, ఎవరైనా అలాగే అనుకుంటారు. రెండు రాత్రులకు బిల్లు ఇలా వచ్చింది: మనిషికి 2,400 చొప్పున ఇద్దరికి 9,600, ఓరియెంటేషన్ ఛార్జీ 1,500, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ 1,998. వెరసి 13,098 రూపాయలు. ఓరియెంటేషన్ అంటే మార్కెటింగ్ అబ్బాయి మమ్మల్ని బ్యాటరీ బండిలో తిప్పి ఫ్లాట్లు చూపించడం. వాళ్ళ సరుకు చూసినందుకు మేమే డబ్బు కట్టాం!

మావారు బ్యాంకులో, నేను స్కూల్లో చేసి రిటైరయ్యాం. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు ఆగిన రోజున పాల ప్యాకెట్టు తేవడం కూడా పెద్ద పనే. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఒకటే పోరు, “ఏదో మంచి కమ్యూనిటీలో చేరిపోండమ్మా, నాకు టెన్షన్ ఉండదు” అని. సరే, చూసొద్దామని కోయంబత్తూరు, తిరువణ్ణామలై, రాజమండ్రి అనుకున్నాం. విశాఖ కూడా లిస్టులో ఉండేది కానీ అక్కడ మా ఆడపడుచు ఉంది. రోజూ ఏం వండానో ఫోన్లో చెప్పుకోవాల్సిన ఊరు నాకొద్దని ముందే తీసేశాను. మావారు దానికి రెండ్రోజులు ముభావంగా ఉన్నారు.

ముందు కోయంబత్తూరుకు శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. పూర్తి టికెట్టే. 2020 మార్చిలో ఆపేసిన సీనియర్ సిటిజన్ రాయితీ ఇంకా తిరిగి రాలేదు. అప్పట్లో ఆడవాళ్ళకు 58 నిండితే సగం తగ్గేది, మగవాళ్ళకు 60 దాటితే 40 శాతం. నాకు ఆ వయసు వచ్చేసరికి అది పోయింది.

ఊరిని ఒక్క మాట అనడానికి లేదు. పాలక్కాడ్ కనుమ గుండా వచ్చే గాలి వల్ల హైదరాబాద్ ఎండ గుర్తే రాదు. శిరువాణి నీళ్ళు నిజంగానే తియ్యగా ఉన్నాయి. పెద్ద ఆసుపత్రులకు కొదవ లేదు. రిటైరైనవాళ్ళ కాలనీలు ఇక్కడ ఇన్ని ఎందుకు వెలిశాయో వస్తే తెలుస్తుంది. మేం దిగిన చోట కూడా గది శుభ్రంగా ఉంది. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్లు, మంచం పక్కన అలారం బటన్, గడప లేని గుమ్మాలు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. రసం అయితే మావారు గ్లాసులో పోయించుకుని తాగారు.

గొడవ ఆవకాయతో మొదలైంది. రాత్రి భోజనం ఏడింటికి, ముప్పావుకల్లా హాలు మూసేస్తారు. నేను చిన్న సీసాలో ఆవకాయ పట్టుకెళ్ళి ఆయన విస్తట్లో వేయబోతే సూపర్‌వైజర్ వచ్చి, బయటి తిండి హాల్లోకి తేకూడదు, సీసా ఆఫీసులో ఇవ్వండి, వెళ్ళేటప్పుడు తీసుకోండి అంది. ఇంగ్లీషులో, నవ్వుతూనే చెప్పింది. నలభై లక్షలు పోసి కొనుక్కునే ఇంట్లో ఆవకాయ గేటు దగ్గర డిపాజిట్ చేయాలన్నమాట. మావారు ఇంకేం మాట్లాడలేదు, మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయారు. పెళ్ళయ్యాక ఆ మనిషి మజ్జిగ లేకుండా లేవడం నేను చూడలేదు.

మర్నాడు కాగితాలు అడిగాం. ఒక బెడ్‌రూం ఫ్లాటు 42 లక్షలు. నెల మెయింటెనెన్స్, తిండితో కలిపి ఇద్దరికి 28,000. అది ఏటా 8 శాతం పెరుగుతుందని లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. మావారు బ్యాంకు మనిషి కదా, అక్కడికక్కడే లెక్క కట్టారు. తొమ్మిదేళ్ళలో అది 56,000 అవుతుంది, మన పెన్షన్ అలా పెరగదు అన్నారు. అమ్ముకోవాలంటే వాళ్ళ ద్వారానే అమ్మాలి, 5 శాతం ట్రాన్స్‌ఫర్ ఫీజు. మన తర్వాత పిల్లలకు ఫ్లాటు వస్తుంది కానీ, 55 ఏళ్ళు నిండకపోతే వాళ్ళు అందులో ఉండకూడదు. మంచాన పడితే వేరే బ్లాకుకు మారుస్తారు, దానికి వేరే రేటు. ఆ రేటెంత అని అడిగితే “అప్పుడు చెప్తాం సార్” అన్నారు. అసలు తెలుసుకోవాల్సింది అదే కదా! రిటైర్మెంట్ హోమ్‌ల కోసం కేంద్రం 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టినవాళ్ళు, సేవలు నడిపేవాళ్ళు, కొన్నవాళ్ళు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకునే పద్ధతి అందులో ఉంది. అలాంటి కాగితం ఉందా అని మావారు అడిగారు. మెయిల్ చేస్తామన్నారు. ఇప్పటికీ రాలేదు.

వరండాలో ఒక తెలుగావిడ కలిసింది. భర్త పోయాక ఒక్కతే ఉంటోందట. అన్నీ బాగానే ఉన్నాయమ్మా, కానీ అర్ధరాత్రి నొప్పి వస్తే అది మంటా, పోటా, లాగుతోందా అని ఆ డ్యూటీ పిల్లకు చెప్పలేను, ఆ పిల్ల భాష నాకు రాదు, నా భాష దానికి రాదు అంది. కొనే పని పెట్టుకోకండి, ముందు మూడు నెలలు అద్దెకుండి చూడండి అని కూడా చెప్పింది. మార్కెటింగ్ అబ్బాయి చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఈ రెండు మాటలు ఒక ఎత్తు.

అక్కడి నుంచి సేలం, చెంగం మీదుగా తిరువణ్ణామలై. బస్సులో నా నడుము పోయింది. రమణాశ్రమంలో బసకు ముందే రాసి అనుమతి తీసుకున్నాం కాబట్టి గది ఇచ్చారు. డబ్బు అడగరు, ఇవ్వాలనిపిస్తే మన ఇష్టం. మధ్యాహ్నం పదకొండున్నరకు నేల మీద ఆకులో భోజనం. మోకాళ్ళు వంగనివాళ్ళకు బల్లలున్నాయి. కోయంబత్తూరులో ముడుచుకుపోయిన మావారు ఇక్కడ విచ్చుకున్నారు. పొద్దున్నే స్కందాశ్రమం దాకా ఎక్కి వచ్చి, “ఇక్కడే ఉండిపోదాం” అన్నారు. తెలుగు ఎక్కడ చూసినా వినిపిస్తుంది, అద్దె బోర్డులు కూడా తెలుగులో ఉన్నాయి. మరి ఇబ్బందేమిటంటే పౌర్ణమి. గిరి చుట్టూ 14 కిలోమీటర్ల దారి జనంతో నిండిపోతుంది. ఆశ్రమం బయట 900 ఉన్న గదికి ఆ రాత్రి 3,000 చెప్పారు. ఆ రోజున వీధి చివర మందుల షాపుకు వెళ్ళడం కూడా కష్టమే. గుండెకో కిడ్నీకో పెద్ద వైద్యం కావాలంటే వేలూరు వెళ్ళాలి, ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. ఏడాదికో నెల వచ్చి ఉండడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. కాపురానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. మావారు ఒప్పుకున్నట్టే తలూపారు గానీ కాట్పాడి వచ్చేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు.

కాట్పాడిలో శేషాద్రి ఎక్కి రాజమండ్రిలో దిగాం. నిజం చెప్పాలంటే ఇక్కడ నాకేం ఆశల్లేవు, మావారి పాత కొలీగ్ రమ్మన్నాడని వచ్చాం. దేవీచౌక్ దగ్గర లాడ్జి, ఏసీ గది 1,100. దోమలు మాత్రం ఉచితం. రాత్రి రెండింటికి లేచి ఫ్యాను స్పీడు పెంచుకున్నాం. మేలో అయితే ఇక్కడి ఉక్కకు ఒంటి మీద చీర నిలవదు, అది తెలిసే చెప్తున్నాను.

పొద్దున బండి మీద 40 రూపాయల పెసరట్టు, అందులో ఉప్మా. అల్లప్పచ్చడి మళ్ళీ అడిగితే “వేసుకోండమ్మా, దానికేముందండీ” అని గిన్నె ఇటు జరిపాడు. కోయంబత్తూరు సూపర్‌వైజర్‌ని తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రం మావారు గౌతమీ గ్రంథాలయంలో పేపర్లు తిరగేసి, కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ తాగి, కోటిలింగాల రేవుకు చేరారు. నేను వెళ్ళేసరికి ఆయన మెట్ల మీద నలుగురితో డీఏ గురించి వాదిస్తున్నారు. ముందు రోజు దాకా వాళ్ళెవరో ఈయనకు తెలియదు!

దానవాయిపేటలో ఇల్లు చూశాం. కింది భాగం, రెండు గదులు, వెనక కరివేపాకు చెట్టు, అద్దె 14,000, రెండు నెలల అడ్వాన్సు. మేం ఇల్లు చూస్తుంటే ఇంటావిడ మమ్మల్ని చూసింది. “ఒంట్లో బాగోకపోతే ఎవరొస్తారండీ మీకు?” అని సూటిగా అడిగింది. కొడుకు అమెరికాలో అన్నాను. “అయితే నన్నే పిలుస్తారన్నమాట” అని, వీధిలో బీపీ చూసి ఇంజెక్షన్ చేసే కాంపౌండరు ఎవరో, ఇంటికొస్తే 50 తీసుకుంటాడని, ఏ మందుల షాపు వాళ్ళు రాత్రి పదింటికైనా పంపిస్తారో ఒక్క గుక్కలో చెప్పేసింది. 13,098 కట్టిన చోట ఈ సంగతులు ఎవరూ చెప్పలేదు.

అబ్బాయికి ఫోన్ చేస్తే సెక్యూరిటీ ఉందా, అంబులెన్స్ ఉందా అన్నాడు. రెండూ లేవు, ఇంటావిడ ఉందన్నాను. వాడికి నచ్చలేదు. కూకట్‌పల్లి ఫ్లాటు అమ్మం, 22,000కి అద్దెకిస్తాం, కుదరకపోతే తిరిగొచ్చేస్తాం అని వాళ్ళ నాన్న చెప్పాక కాస్త తగ్గాడు. ఇలాంటి నిర్ణయాలు చేసేవాళ్ళకు నేను చెప్పేదీ అదే. ఉన్న ఇల్లు అమ్మకండి, కొత్తది కొనకండి, ఒక ఎండాకాలం అద్దెకుండి చూడండి. రాజమండ్రికే వచ్చేవాళ్ళయితే 2027లో పుష్కరాలున్నాయి, అప్పుడు అద్దె పెంచబోమని ఇంటివాళ్ళ చేత ముందే రాయించుకోండి. మేం రాయించుకున్నాం. బాత్రూంలో రాడ్లు మా ఖర్చు, గోడలకు సున్నం ఆవిడ ఖర్చు. అద్దెలో ఐదొందలు తగ్గించమని మావారు ఎంత అడిగినా, “అదొక్కటీ కుదరదండీ” అంది.